ఇంటోళ్లంతా వస్తమంటున్నరు, వద్దని ఎట్ల చెప్పాలె?

నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 39, ప్రభుత్వ బడిలో టీచర్. సుగర్ వచ్చే అంచున ఉన్నారని డాక్టర్ చెబితే ఐదేళ్ల కింద నడక మొదలుపెట్టారు, అది మెల్లమెల్లగా పరుగైంది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున పానగల్లు వైపు, ఉదయసముద్రం కట్ట దాకా పరుగెత్తి వస్తారు. పోయినేడు హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే సగం దూరం (21 కిలోమీటర్ల పైన), పూర్తి చేశారు. ఈ ఆగస్టులో ఫుల్‌కు, అంటే మొత్తం 42 కిలోమీటర్ల పరుగుకు, పేరిచ్చారు. ఇంకా ఏడు వారాలుంది. ఇప్పటిదాకా ఒక్క దఫాలో పరుగెత్తిన ఎక్కువ దూరం 26 కిలోమీటర్లు.

చిక్కంతా ఇంటివాళ్లతోనే. పోయినేడు భర్త, అత్తమ్మ, 13 ఏళ్ల కూతురు, 8 ఏళ్ల కొడుకు కారులో వచ్చారు. 8వ కిలోమీటరు దగ్గర ఉంటామన్నవాళ్లు, రోడ్లు మూసేయడంతో అక్కడికి చేరలేకపోయారు. ఈమె వాళ్ల కోసం రెండు పక్కలా వెతుక్కుంటూ ఆరేడు కిలోమీటర్లు పోయారు. 16 దగ్గర కనబడ్డారు గానీ డివైడర్‌కు అవతల. అమ్మను చూడగానే కొడుకు రోడ్డు మీదికి ఉరికాడు, వెనక వస్తున్న ఒకాయన వాడిని తప్పించబోయి పడిపోయాడు. అత్తమ్మ ఓఆర్‌ఎస్ సీసా చేతికిచ్చారు. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌ను "బలం ఉంటది" అని అర లీటరు సీసాలో కలిపారు. గటగటా తాగిన ఈమెకు 18 దగ్గర వాంతయింది. కొడుకు సంగతితో అప్పటికే హడలిపోయి ఉన్న భర్త, వాంతి చేసుకుంటుంటే పరుగున వచ్చి, అందరి ముందు "ఎవల కోసం ఈ తిప్పలు? ఇంటికి పోదాం నడువు" అని అరిచారు. ఆమె ఆగలేదు, 2 గంటల 41 నిమిషాల్లో పూర్తి చేశారు. ఆ గొడవలో పది నిమిషాలైనా పోయి ఉంటాయని ఆమె లెక్క. తిరుగు ప్రయాణంలో నల్లగొండ వచ్చేదాకా కారులో ఎవరూ నోరు విప్పలేదట. వాంతికి ఆ సీసా కారణమని అత్తమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఈసారి అత్తమ్మే ముందుపడి "అందరం పోదాం" అంటున్నారు. మిర్యాలగూడ నుంచి ఈమె తండ్రి, ఎల్బీనగర్‌లో ఉండే ఆడబిడ్డ కుటుంబం కలిసి మొత్తం తొమ్మిది మంది. ఉత్తరం ఇలా ముగిసింది: "అత్తమ్మ ఒప్పుకోకపోతే నేను రోడ్డెక్కేదాన్నే కాదు, ఆమెను రావద్దని ఎట్ల అనాలె? రమ్మంటే పోయినేటి కథే. ఒక్కదాన్నే పోతే 30 దాటినంక ఆగిపోతనేమో. తెలియనోళ్ల ముందర కుంటితే ఏం గాదు. ఇంటోళ్ల ముందర కుంటితే ఇగ మళ్ల పరుగు పేరు ఎత్తనియ్యరు."

మీ చివరి రెండు వాక్యాల నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే అసలు భయం అక్కడుంది. 42.195 కిలోమీటర్ల పరుగులో 30 దాటాక మీరు ఇంటివాళ్ల కళ్లకు బాగా కనబడరు. ఇది ముందే ఒప్పేసుకోండి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే ఒంటికి శక్తినిచ్చే చక్కెర నిల్వ, చాలామందికి 30–32 ప్రాంతంలో అడుగంటుతుంది. అడుగు చిన్నదవుతుంది, భుజాలు వాలిపోతాయి, ముఖం మీద ఉప్పు చారలు కడతాయి, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబొస్తుంది. పరుగు తెలిసినవాళ్లకు ఇది మామూలు అలసట. తెలియనివాళ్లకు మాత్రం మనిషి పడిపోబోతున్నట్టే ఉంటుంది. పోయినేడు మీ భర్తకు అలానే అనిపించింది. అందరి ముందు అరవడం తప్పే, ఆ మాట ఆయనతో అనండి. కానీ ఆయన అరుపు వెనక ఉన్నది భయం. ఏది మామూలు, ఏది ప్రమాదం అని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు సీసా సంగతి. ఓఆర్‌ఎస్ చిక్కగా కలిపితే బలం పెరగదు. లీటరుకు సరిపోయే ఉప్పు, చక్కెర అర లీటరులో పడితే ద్రావణం గాఢత రెట్టింపవుతుంది. అది పొట్టలోంచి తొందరగా దిగదు, పైగా ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది. పరుగులో రక్తం ఎక్కువగా కాళ్లకు పోతుంది కాబట్టి పొట్ట అప్పటికే మందగించి ఉంటుంది. దాని మీద పైకీ కిందికీ కుదుపు. వాంతి కాక ఏమవుతుంది? మజ్జిగైనా, నిమ్మరసమైనా, ఏదైనా సరే, సాధనలో వారానికోసారి చేసే దూరపు పరుగులో (లాంగ్ రన్) తాగి చూడనిది ఆ రోజు తాగొద్దు. ఉత్త నీళ్లు అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఒక్కో నీళ్ల కేంద్రం దగ్గర దాహాన్ని బట్టి 100–150 మిల్లీలీటర్లు చాలు. తిండి వైపు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. మధ్యరకం అరటిపండులో 25 గ్రాముల పైన ఉంటుంది, 10 గ్రాముల బెల్లం ముక్క దాదాపు అంతా చక్కెరే. పల్లీ పట్టీ వద్దు, పల్లీల్లోని నూనె అరగడానికి చాలాసేపు పడుతుంది.

అత్తమ్మ దగ్గర మోకాళ్ల నొప్పుల మాత్రలు ఉండే ఉంటాయి. మీరు కుంటుతూ కనబడితే ప్రేమకొద్దీ ఒకటి తీసి చేతిలో పెడతారు. వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రకం మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఈ మాట ఆమెకు ఇంటి దగ్గరే చెప్పండి, రోడ్డు మీద కాదు.

ఇక ఎవరు రావాలన్నది. మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఎవరినీ రానివ్వకపోవడం ఒకటి. 30 దాకా మీకు హాయి, ఎవరి కోసమూ తల తిప్పక్కరలేదు. ఆ తర్వాత మీరు భయపడుతున్న ఒంటరితనం నిజంగానే వస్తుంది. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ట్రాకర్ చూస్తారు. అది మీరు టైమింగ్ మ్యాట్ (దారిలో అక్కడక్కడ పరిచి ఉండే, దాటిన సమయం నమోదు చేసే పట్టా) దాటినప్పుడే మారుతుంది, రెండు మ్యాట్ల నడుమ గంటకు పైగా కదలక కూడా ఉండొచ్చు. ఆ గంటలో అత్తమ్మ మనసు ఎన్ని కీడులెంచుతుందో మీకు తెలుసు. ఇది ఎంచుకుంటే ట్రాకర్ ఎట్లా పనిచేస్తుందో చెప్పే వెళ్లండి.

తొమ్మిది మందీ బండేసుకొని వెంబడి రావడం రెండోది. దీన్ని మాత్రం గట్టిగానే వద్దంటున్నాను. ఇటీవలి ఏళ్లలో ఫుల్ మారథాన్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. మొదలైన చోటికి తిరిగి రాదు. మీరు పోయే దారే ఊరికి అడ్డంగా మూసేసి ఉంటుంది కాబట్టి కారు దాన్ని దాటలేదు. పోయినేడు 8 దగ్గరికి వాళ్లు రాలేకపోయింది బద్ధకం వల్ల కాదు. ఈసారి తొమ్మిది మందైతే ఇంకా ఆలస్యం. ఒకరికి బాత్‌రూమ్, ఒకరికి చాయ్, ఒకరికి ఎండ.

అందరూ ఫినిష్ దగ్గరే ఉండటం మూడోది. భద్రంగా ఉంటుంది, ముసలివాళ్లకు కూర్చునే చోటు దొరుకుతుంది. కానీ మీకు మనిషి అవసరమయ్యేది 42 దగ్గర కాదు. అక్కడ మైకు వినబడుతుంది, మనిషికి ఎక్కడి ఊపో వస్తుంది. అవసరం 34–37 మధ్య, జనం పల్చబడి, ఎండ నెత్తికెక్కే చోట.

నాలుగోది, భర్తా కూతురూ 35 ప్రాంతంలో ఒకే ఒక చోట, మిగతావాళ్లంతా ఫినిష్ దగ్గర. మీ ఉత్తరం చదివాక నాకు ఇదే సరైనదిగా తోస్తోంది. ఇందులో చిక్కు ఏంటంటే, "మమ్మల్ని దూరం పెట్టి వాళ్లిద్దర్నే రమ్మంది" అని అత్తమ్మకో మీ నాన్నకో అనిపించవచ్చు. ఫినిష్ దగ్గర వాళ్లకు నిజమైన పని అప్పగిస్తేనే అది తీరుతుంది. ఇట్లా పంచినా ఎవరో ఒకరు అలుగుతారనిపిస్తే మూడో దారి తీసుకోండి, నష్టం లేదు. 35 దగ్గర ఒంటరిగా దాటడం కష్టమే గానీ అసాధ్యం కాదు.

నాలుగో దారైతే లెక్క ఇట్లా వేయండి. పోయిన పది నిమిషాలు తీసేస్తే మీ హాఫ్ రెండున్నర గంటలు. దాన్ని రెట్టింపు చేసి పావుగంట దాకా కలిపితే 5 గంటల 15 నిమిషాలు. మొదటి ఫుల్, పైగా హైదరాబాద్ ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు, ఆగస్టు ఉక్క. కాబట్టి కిలోమీటరుకు 7 నిమిషాల 30 సెకన్ల వేగంతో మొదలుపెట్టండి. అదే నిలిస్తే 30 దగ్గర 3 గంటల 45 నిమిషాలు, 35 దగ్గర 4 గంటల 22. ముప్పై తర్వాత కిలోమీటరుకు 8 నిమిషాల 15 సెకన్లకు జారితే 35 దగ్గర 4 గంటల 26, ఫినిష్ 5 గంటల 26. దీనికి తోడు గంట కొట్టాక జనంలోంచి మీరు స్టార్ట్ గీత దాటడానికి పట్టే నిమిషాలున్నాయి. పై లెక్కలో అవి కలవలేదు, ఇంటివాళ్లు చూసే గడియారంలో మాత్రం కలుస్తాయి. ఉదాహరణకు 5 గంటలకు పరుగు మొదలైతే వాళ్లు 35 దగ్గర 9:00 కల్లా నిలబడాలి, 9:50 దాకా కదలొద్దు. "వస్తలేదు, వెళ్లిపోయిందేమో" అని ఎదురు నడిస్తేనే తప్పిపోతారు. మీ చేతి గడియారం 35 అన్నచోట బోర్డు ఉండదు, జీపీఎస్ కొంత ఎక్కువ చూపిస్తుంది. కలిసే చోటు బోర్డుతోనో, పెద్ద భవనంతోనో గుర్తు పెట్టుకోండి.

పరుగు దారి మ్యాప్ రాగానే 34–37 మధ్య ఏ చోటైనా మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోగలిగేది చూడండి. ఆడబిడ్డ ఇల్లు ఎల్బీనగర్‌లోనే ఉండటం కలిసొచ్చింది. ముందురోజు రాత్రి అందరూ అక్కడే పడుకోవచ్చు. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబర్ చీటీ) పరుగు రోజు పొద్దున ఇవ్వరు గనుక మీరు ఎట్లాగూ ముందే హైదరాబాద్ రావాలి. ఎల్బీనగర్‌లో ఎరుపు లైన్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నీలం లైన్‌కు మారి హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు పోవచ్చు. గంటంపావు చేతిలో పెట్టుకోండి, ఆ ఆదివారం మొదటి రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి. ఫ్లైఓవర్ మీద మాత్రం నిలబడొద్దు, పక్కన చోటుండదు. ఎక్కే ముందు వాలు మొదట్లో నిలబడితే మంచిది. అక్కడ మీ వేగం ఎట్లాగూ తగ్గుతుంది, ముఖం చూసుకోవచ్చు.

ఎడమ పక్కనా కుడి పక్కనా అన్నది ముందే తేల్చుకోండి, పరుగెత్తేవాళ్ల ఎడమే ఎడమ. పోయినేడు డివైడర్‌కు అవతల పడింది ఈ ఒక్క మాట అనుకోకపోవడం వల్లే. 35 దగ్గర మీ చూపు ముందు పదడుగుల రోడ్డు మీదే ఉంటుంది, మనుషుల ముఖాలు అసలు అందవు. పొడుగాటి కర్రకు పోచంపల్లి ఇక్కత్ దుప్పట్టా, ఎరుపో పసుపో, కట్టి పైకి పట్టుకోమనండి. అది దూరం నుంచే కనబడుతుంది. కూతుర్ని మీ పేరుపెట్టి పిలవమనండి. "అమ్మా" అని వేరే పిల్లలూ అరుస్తుంటారు.

అరిచే మాటల గురించి కూడా చెప్పాలి. "ఇంకొంచెమే" అనొద్దు. 35 దగ్గర ఇంకా 7 కిలోమీటర్లుంటుంది, మీ వేగంతో అది గంట. మనసు "కొంచెం" అన్న మాట పట్టుకొని, అది అయిపోకపోతే కుంగిపోతుంది. "ఇంకా ఏడు" అని ఉన్నదున్నట్టు చెప్పడమే మంచిది. "ఏమైంది, అట్లున్నవేంది?" అని అడగొద్దు. పక్కన పరుగెత్తడం కూడా వద్దు, బిబ్ లేనివాళ్లు దారిలోకి రావడాన్ని నిర్వాహకులు సాధారణంగా ఒప్పుకోరు. ఆ చోట మీరు ఆగేది 20 సెకన్లు, తడి గుడ్డతో మెడ తుడుచుకోవడానికి. అంతకుమించి నిలబడితే పిక్కలు బిగుసుకుంటాయి. అంటే మీ భర్తా కూతురూ తెల్లారకముందే లేచి, గంట నిలబడి, మిమ్మల్ని చూసేది 20 సెకన్లు. ఇది వాళ్లకు ముందే తెలియాలి. తెలియకనే పోయినేడు సగం చిరాకు వచ్చి ఉంటుంది.

కొడుకు ఈసారి 35 దగ్గర వద్దు. వాడికి 8 ఏళ్లు, తప్పు వాడిది కాదు. తాత చేయి పట్టుకొని ఫినిష్ దగ్గర బారికేడ్ వెనక ఉంటాడు. వాడి అరచేతి మీద మీ బిబ్ నంబర్ పెన్నుతో రాయండి. వచ్చే నంబర్లన్నీ చదువుతూ మీ నంబర్ పట్టుకోవడం వాడి పని. గేటు దగ్గర ఫోన్లు అంత జనంలో కలవకపోవచ్చు, కాబట్టి తర్వాత ఏ చోట కలుసుకోవాలో అందరికీ నోటితో వచ్చి ఉండాలి.

అత్తమ్మకు పరుగు అయ్యాక కావాల్సినవాటి సంచి అప్పగించండి. స్లిప్పర్లు, పొడి బట్టలు, టవల్, ఉప్పు వేసిన మజ్జిగ, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్లు. ఫినిష్ దాటి గంటలోపు పిండిపదార్థమూ మాంసకృత్తులూ కడుపులో పడాలి, ఆ పనికి ఆమె పెరుగన్నం బాగా సరిపోతుంది. కానీ గీత దాటగానే కూర్చోబెట్టొద్దని చెప్పండి. ఒక్కసారి ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి, పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవాలి. ఆమె కూడా పొద్దున్నే తిని బయల్దేరాలి, కుర్చీ, గొడుగు తెచ్చుకోవాలి. ఆమె లోపల "ఆడది ఇంత దూరం ఉరికితే లోపల ఏమన్న అయితదేమో" అన్న గుబులు ఉంటే దాన్ని తేలిగ్గా తీసేయకండి. పెద్దపెద్ద క్రీడాధికారులకే అది చాలాకాలం ఉండేది. ఒలింపిక్స్‌లో మహిళలకు మారథాన్ పెట్టింది 1984లో, లాస్ ఏంజిలిస్‌లో.

ఇప్పుడు మీ భర్త. ఆయనతో ఒక సాయంత్రం, పిల్లలు లేనప్పుడు, ఈ తీరున మాట్లాడి చూడండి: "బాబు రోడ్డు మీదికి ఉరికినప్పుడు నువ్వెంత భయపడ్డవో నాకెరికే. కానీ అందరి ముందర అరవడం నాకు బాధైంది. ఈసారి ఆపాలా వద్దా అని ఎట్ల తెలుసుకోవాలో నీకు చెప్తా." ఆ తర్వాత ఈ గుర్తులు చెప్పండి. కుంటడం, ఉప్పు చారలు, మాట తగ్గడం, నడక–పరుగు, ఏడుపు కూడా మామూలే. ఆయన ఏమీ చేయక్కరలేదు. తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, తన పేరో రోజో చెప్పలేకపోవడం, ఒళ్లు కాలిపోతూ ఉండటం, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు కనబడితే ఆపే హక్కు పూర్తిగా ఆయనది. అప్పుడు మీరు ఎదురు చెప్పొద్దు. కారులో వేసుకొని ఊరికి బయల్దేరడం కాదు, దగ్గర్లోని మెడికల్ టెంట్‌కో వాలంటీర్‌కో చెప్పాలి, వాళ్లొచ్చేలోపు నీడకు చేర్చి నీళ్లు పోసి ఒళ్లు చల్లార్చాలి. "ఇంటికి పోదాం నడువు" అన్న మాట ఈ గుర్తుల్లో ఒకటైనా ఉంటేనే అనాలి. ఆయన దీనికి ఒప్పుకోకపోతే 35 దగ్గర ఆయన్ని నిలబెట్టకండి, మూడో దారికి మారండి. చూసి తట్టుకోలేని మనిషి మంచివాడే కావచ్చు, ఆ చోటికి మాత్రం సరిపోడు.

సాధన గురించి క్లుప్తంగా. ఇప్పుడు 26 మీద ఉన్నారు. వచ్చే వారం 28, తర్వాత 20కి తగ్గించి, పరుగుకు మూడు వారాల ముందు 30 నుంచి 32. ఆపై 20, చివరి వారం 10–12. అంతకన్నా ఎక్కువ ఈ ఏడు వారాల్లో ఎక్కించబోతే మడమో మోకాలో దెబ్బతింటుంది. అప్పుడు ఎవరు రావాలన్న చర్చే మిగలదు.

ఆ 30–32 కిలోమీటర్ల రోజునే రిహార్సల్ చేయండి. పానగల్లు వైపు మీరే కొలిచి ఐదు కిలోమీటర్ల చుట్టు ఒకటి పెట్టుకోండి, ఆరు చుట్లు. భర్త, కూతురు, అత్తమ్మ ఒకే చోట కుర్చీ వేసుకొని కూర్చుంటారు, మీరు దాదాపు నలభై నిమిషాలకోసారి వాళ్ల ముందు నుంచి పోతారు. మొదటి చుట్టులో నవ్వే మనిషి ఐదో చుట్టులో ఎట్లా ఉంటుందో వాళ్లు నల్లగొండలోనే, భయం లేని చోట, కళ్లారా చూస్తారు. ఆరో చుట్టు తర్వాత అదే మనిషి కూర్చొని అన్నం తినడమూ చూస్తారు. కుంటడం చూసి కూడా మళ్లీ పరుగెత్తనిస్తారా లేదా అన్నది మీకు ఆ రోజే తెలుస్తుంది, హైదరాబాద్ దాకా పోనవసరం లేదు.

ఆ పొద్దున ఒక లీటరు సీసా, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అత్తమ్మ ముందు పెట్టండి. ప్యాకెట్ మీద రాసినది కూతురితో చదివించండి. పోయినేడు వాంతి ఎందుకైందో అప్పుడు చెప్పండి, నింద లేకుండా, "సీసా చిన్నదైంది అత్తమ్మా" అని. కలపడం మాత్రం ఆమెనే చేయనివ్వండి.